మూడుసార్లు ఫుల్ పడితే పోయిన జన్మ పాపమా?

ప్రశ్న: అన్నా, మాది బల్లార్షా. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, స్పేర్ పార్ట్స్ షాపులో పని చేస్తా. నా దోస్తు ఒకడు ఒకటో తరగతి నుంచి మరాఠీ బడిలో నాతో చదివాడు. వాళ్లు బౌద్ధులు. ప్రతి దీపావళికి నలుగురం మా డాబా మీద రమ్మీ ఆడతాం, పాయింటుకు రూపాయి. ఈసారి వాడికి వరసగా మూడు ఆటలు ఫుల్, అంటే ఆటకు 80 పాయింట్లు, పడింది. నేను నవ్వుతూ "ఏ జన్మల ఏం పాపం చేసినవో, అనుభవించు" అన్నా. వాడు ముక్కలు కింద పడేసి, 240 రూపాయలు చాప మీద పెట్టి లేచి పోయాడు. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడు. వాళ్ల నాన్నకు ఆరేళ్ల కింద గనిలో పైకప్పు కూలి నడుం పోయింది, మంచంలోనే ఉంటాడు. ఆ మాట అక్కడ తగిలిందని మా చెల్లె అంటోంది. కానీ బౌద్ధులు కూడా కర్మను నమ్ముతారు కదా? మా బావ అయితే "పంచిన ముక్కలు కర్మ, ఆడే ఆట మనది, బుద్ధుడు చెప్పింది ఇదే" అంటాడు. ఇది నిజమేనా? వాడితో మళ్లీ మాట కలిపేదెట్లా?
(పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: తమ్ముడూ, మీ చెల్లె చెప్పింది నిజం. ఆ మాట మంచంలో ఉన్న మనిషికి తగిలింది. నువ్వు అన్నది ముక్కల గురించే కావచ్చు. వాడికి వినపడింది మాత్రం వాళ్ల నాన్న గురించి. ఆరేళ్లుగా ఆ ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్లలో ఎంతమంది గడప దాటుతూ ఇదే మాట గొణిగి పోయారో నీకు తెలియదు, వాడికి తెలుసు. అందరూ అన్న మాటే ఒకటో తరగతి దోస్తు నోట కూడా వచ్చేసరికి లేచిపోయాడు. నువ్వు ఇది మూడు ముక్కల్లో తేల్చుకుని వాడి ఇంటికి వెళ్లి ఉంటే సరిపోయేది. కానీ బావ మాట ఒకటి మధ్యలో తెచ్చావు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. అది చూడకుండా వెళ్తే, వాడి ముందు కూర్చుని "మీ బుద్ధుడు కూడా..." అని మొదలుపెడతావని నా భయం.

బావ చెప్పింది వినడానికి బాగుంటుంది. ఫోన్‌లో పొద్దున్నే వచ్చే శుభోదయం మెసేజ్‌లలో కూడా తిరుగుతుంటుంది. చిక్కేమిటంటే, బుద్ధుడు కర్మ అన్నది పంచిన ముక్కలను కాదు. ఆయన బోధలను కూర్చిన పాలి గ్రంథాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో ఆయన తన మాటగా సూటిగా చెప్పాడు: చేతననే నేను కర్మ అంటాను, మనిషి ముందు అనుకుని, ఆ తర్వాత ఒంటితో, మాటతో, మనసుతో చేస్తాడు అని. చేతన అంటే ఇక్కడ ఉద్దేశం, తలపు, పూనిక. అంటే నీ చేతికి వచ్చిన పదమూడు ముక్కలు కర్మ కావు. వాటిలో ఒకదాన్ని నువ్వు ఏ ఉద్దేశంతో కింద పడేశావో అది కర్మ.

ఆట నీకు తెలుసు కాబట్టి ఆటలోనే చూపిస్తా. నీ చేతిలో ఆఠీను ఎనిమిది ఉంది. నీ తర్వాతి చెయ్యి ఇందాకే నువ్వు పడేసిన ఆఠీను ఆరు ఎత్తుకున్నాడు. ఎత్తగానే ముక్కల మధ్యలో దోపాడు, ఆ చివరా ఈ చివరా పెట్టలేదు. చూసేవాడికి అర్థమవుతుంది, వాడి దగ్గర ఏడు ఉంది, ఎనిమిదో ఐదో పడితే లైఫ్, అంటే జోకరు లేని వరస, వస్తుంది. ఇప్పుడు నీ వంతు. నువ్వు ఆ ఎనిమిదినే పడేశావు. ఎందుకు పడేశావు? ఫోన్‌లో మెసేజ్ చూసుకుంటూ వాడు ఆరు ఎత్తిన సంగతే గమనించలేదా? లేక గమనించావు, కానీ నీకు రెండు జోకర్లు పడి ఇంకో ముక్క పడితే షో కొట్టి ఆట ముగించొచ్చు, వాడికి లైఫ్ వచ్చినా నీ తర్వాతే కదా అని తెగించావా? లేక ఆ పక్కన కూర్చున్నది మీ బావమరిది, ముందే చాప కింద కాలితో సైగ అయిందా? పడింది మూడుసార్లూ అదే ఆఠీను ఎనిమిది. పై నుంచి చూసేవాడికి తేడా లేదు, గెలుపోటముల్లో కూడా తేడా ఉండకపోవచ్చు. బుద్ధుడి లెక్కలో మాత్రం మొదటిది ఏమరుపాటు, రెండోది ఎత్తుగడ, మూడోది దొంగతనం. కర్మ అనే మాట ఆయన ఈ తేడా దగ్గర వాడాడు.

అన్నట్టు, దొంగాట గురించి దీఘ నికాయం అనే ఇంకో పాలి గ్రంథంలో ఒక కథ ఉంది. పరలోకం లేదు, పుణ్యపాపాల ఫలం లేదు అని వాదించే పాయాసి అనే పాలకుడికి కుమార కస్సపుడు అనే భిక్షువు చెప్పిన కథ. ఇద్దరు పాచికలాడుతున్నారు. ఒకడు, ఓడిపోయే పాచిక వచ్చినప్పుడల్లా దాన్ని గుటుక్కున మింగేస్తున్నాడు. రెండోవాడు కనిపెట్టాడు, ఏమీ అనలేదు. పాచికలు ఇటివ్వు, పూజ చేసుకొస్తానని తీసుకెళ్లి విషం పూసి తెచ్చాడు. మళ్లీ ఆట మొదలైంది, మొదటివాడు అలవాటు కొద్దీ మళ్లీ మింగాడు. ఇప్పటి రమ్మీలో జోకరు తొడ కింద పెట్టుకునేవాళ్లకు ఈ కథ చెప్పి చూడు, ఎంతమంది నవ్వుతారో.

సరే, పంచిన ముక్కల సంగతి. పడింది కర్మ కాకపోయినా కర్మఫలమే కదా, అంటే పోయిన జన్మలో చేసినదానికి ఇప్పుడు ఈ చెత్త చెయ్యి వచ్చింది అనొచ్చు కదా అని బావ ఎదురు ప్రశ్న వేస్తాడు. వేయనీ. ఇదే ప్రశ్న అప్పట్లోనే ఒకాయన వేశాడు. రాజగృహంలో వేణువనంలో మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు, అంటే ఇల్లు విడిచి తిరిగే సన్యాసి, బుద్ధుణ్ణి అడిగాడు: మనిషి అనుభవించే సుఖం గానీ దుఃఖం గానీ అన్నీ పూర్వం చేసినదాని వల్లే అని కొందరు అంటున్నారు, తమరేమంటారు? బుద్ధుడు అవునూ కాదూ అని నాన్చలేదు. కొన్ని బాధలు పిత్తం వల్ల వస్తాయి, కొన్ని కఫం వల్ల, కొన్ని వాతం వల్ల, కొన్ని ఈ మూడూ కలిసి వస్తాయి, కొన్ని ఋతువు మారి వస్తాయి, కొన్ని ఒంటిని సరిగ్గా చూసుకోక, కొన్ని బయటి దెబ్బల వల్ల, కొన్ని కర్మఫలంగా వస్తాయి అన్నాడు. ఎనిమిది కారణాలు, అందులో కర్మ ఒకటి, అదీ చివరన. అన్నీ పూర్వం చేసినదాని వల్లే అనేవాళ్లు స్వయంగా తెలిసినదాన్ని దాటిపోతున్నారు, లోకంలో నిజమని అందరికీ తెలిసినదాన్నీ దాటిపోతున్నారు, వాళ్లది తప్పు అని తేల్చేశాడు.

గని పైకప్పు ఆ ఎనిమిదింటిలో ఎక్కడ వస్తుందో నువ్వే చూసుకో. పైకప్పు కూలినప్పుడు అడగాల్సినవి వేరే ఉంటాయి. సపోర్టు సరిగ్గా పెట్టారా, ఆ షిఫ్టులో ఎవరు చూసి సరే అన్నారు, అంతకుముందు రోజు పెళ్లలు రాలుతున్నాయని ఎవరైనా చెబితే విన్నారా అని. పోయిన జన్మ అనే జవాబు ముందే చేతిలో పెడితే ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. పైవాళ్లకు అంతకన్నా కావలసిందేముంది?

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి, లేకపోతే చదువుకున్నవాడెవడైనా నిన్ను పట్టుకుంటాడు. పాలి గ్రంథాల్లో జన్మాంతర కర్మ మాట లేదని కాదు. ప్రాణాలు తీసేవాడు తర్వాత జన్మలో అల్పాయుష్కుడవుతాడు, ఈర్ష్య పడేవాడు తక్కువ పలుకుబడితో పుడతాడు అని మజ్ఝిమ నికాయంలోనే ఉంది. సింహళంలో, బర్మాలో, టిబెట్ వాళ్లలో కోట్లమంది బౌద్ధులు పునర్జన్మను నమ్ముతారు. మీ బావ పూర్తిగా గాల్లోంచి తెచ్చాడని నేననను. కానీ అవే గ్రంథాలు ఇంకో రెండు సంగతులు చెబుతాయి, అవి మెసేజ్‌లలో తిరగవు. ఒకటి, అన్నీ పూర్వకర్మే అంటే హంతకుడు కూడా పూర్వకర్మ వల్లే హంతకుడు, దొంగ కూడా పూర్వకర్మ వల్లే దొంగ అవుతాడు, ఇక ఇది చేయాలి ఇది చేయకూడదు అనే పూనికకు చోటేదీ అని బుద్ధుడే అడిగాడు. అన్నీ దేవుడే చేయించాడన్నా, అన్నీ ఊరికే జరిగాయన్నా ఇదే తంటా అని ఆ మూడింటినీ ఒకే గాట కట్టాడు. రెండోది నీకు ఇంకా ముఖ్యం. ఏ ఫలం ఏ కర్మ వల్ల వచ్చిందని వెనక్కి తవ్వడం ఆలోచనకు అందని విషయాల్లో ఒకటని, దాని వెంట పడితే పిచ్చి, చికాకు తప్ప ఏమీ మిగలదని అంగుత్తర నికాయంలో ఉంది. అంటే పునర్జన్మను నమ్మే బౌద్ధుడు కూడా ఇంకొకడి మంచం వైపు వేలు చూపించి "నువ్వు ఆ జన్మలో ఇది చేసి ఉంటావు" అనకూడదు. నువ్వు చేసింది అదే.

ఉప్పు పోలిక కూడా చెబుతా, ఇది బుద్ధుడిదే, నాది కాదు. చిన్న గిన్నెడు నీళ్లలో ఉప్పు గల్లు వేస్తే ఆ నీళ్లు తాగలేం. అదే గల్లు గంగలో వేస్తే? ఆయన గంగ అన్నాడు, నువ్వు మీ వర్ధా అనుకో. చేసిన తప్పు ఒకటే అయినా, శీలం, మనసు, ప్రజ్ఞ పెంచుకోని మనిషిని అది ముంచేస్తుంది, పెంచుకున్నవాడికి కాస్త తగిలి పోతుంది అంటాడు. ఎంత చేస్తే అచ్చంగా అంత అనుభవించి తీరాలి అనే మాట నిజమైతే మనిషి బాగుపడటానికి దారే ఉండదని కూడా అక్కడే అన్నాడు. ఇంటికొచ్చి ఖాతా పుస్తకం తెరిచి పాత బాకీ పైసలతో సహా వసూలు చేసే షావుకారు లాంటి కర్మ మనలో చాలామంది బుర్రల్లో ఉంది. దాన్ని బుద్ధుడి పేరు మీద రాయకూడదు.

ఇక రమ్మీ దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే బావ పోలిక మూడు ముక్కలాటకు సరిపోతుంది గానీ మీరు ఆడిన ఆటకు సరిపోదు. మూడు ముక్కల్లో పంచడం అయిపోతే ముక్కలు మారవు, పందెం పెంచడమో పడేసి లేవడమో తప్ప చేయగలిగింది లేదు. రమ్మీలో పంచడం మొదలు మాత్రమే. ప్రతి వంతుకూ మూసిన కట్ట నుంచి ఎత్తాలా, పడిన ముక్క ఎత్తాలా, ఏది వదలాలా అని తేల్చుకుంటూ పోతాం. ఎత్తిన ముక్క ఎవడికి కనబడింది, వదిలిన ముక్క ఎవడికి పనికొచ్చింది అని గుర్తు పెట్టుకుంటాం. సుప్రీంకోర్టు 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో చెప్పింది కూడా ఇదే: పడిన ముక్కలు గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట, మూడు ముక్కలాట లాంటిది కాదు అని. అలాగని క్లబ్బు యజమాని ఆటలోంచి లాభం తీసుకుంటే వేరే సంగతి అని కూడా అదే తీర్పులో అన్నారు, ఆ సగం మాత్రం పేకాటరాయుళ్లకు ఎప్పుడూ గుర్తుండదు.

మీ వాడికి మూడుసార్లు ఫుల్ ఎందుకు పడిందో నాకు ఒక అనుమానం ఉంది. చెయ్యి చూడగానే లైఫ్ లేదు, లైఫ్ వచ్చే దారి కూడా లేదు అనిపిస్తే మొదటి డ్రాప్ చెప్పి ఆట నుంచి తప్పుకుంటే 20 పాయింట్లతో పోతుంది. ఒకటి రెండు ముక్కలు చూసి మిడిల్ డ్రాప్ అంటే 40. రెండూ చెప్పకుండా "వచ్చే ముక్క వస్తుందేమో" అని కూర్చుంటే 80. మూడు ఫుల్‌లు అంటే మూడుసార్లు అలా కూర్చున్నాడు. పండగ రాత్రి, నలుగురు దోస్తులు, పక్కన మిక్చరు పళ్లెం, ఎవడికి డ్రాప్ చెప్పబుద్ధవుతుంది? నువ్వు కూడా "ఏందిరా భయపడ్డవా" అని ఒకసారైనా అని ఉంటావు. రెండు పేకకట్టలు, నూటనాలుగు ముక్కలు, పైన అచ్చు జోకర్లు. సరిగ్గా కలపకపోతే పోయిన ఆటలో షో కొట్టిన వరసలు అతుక్కుని అలాగే వస్తాయి. ఆ మూడు ఫుల్‌లకు కారణాలన్నీ ఆ చాప మీదే ఉన్నాయి. వెతకడానికి ఇంకో జన్మకు వెళ్లనక్కర్లేదు.

పేకకూ బుద్ధుడికీ చుట్టరికం ఏమీ లేదనుకోకు. మహారాష్ట్రలోనే, కొంకణ్ వైపు సావంత్‌వాడిలో, గుండ్రటి గంజీఫా ముక్కలు చేతితో బొమ్మలు వేసి చేస్తారు. దశావతార గంజీఫాలో పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 ముక్కలు. మనకు ఇస్పేటు, కళావరు ఉన్నట్టు వాళ్లకు మత్స్యం, కూర్మం ఉంటాయి, తొమ్మిదోది బుద్ధుడు. బుద్ధుణ్ణి విష్ణువు అవతారం చేయడం మీ దోస్తు ఇంట్లో ఒప్పుకోరు, బౌద్ధంలోకి వచ్చేటప్పుడు అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఆ నమ్మకాన్ని తోసిపుచ్చే ప్రతిజ్ఞ కూడా ఉంది. కాబట్టి ఈ ముచ్చట వాడి దగ్గర చెప్పకు.

ఆ ప్రతిజ్ఞల దగ్గరికి వచ్చాం కాబట్టి, ఆ మాట వాడికి మామూలు ఎకసెక్కంలా ఎందుకు వినపడలేదో ఇప్పుడు చెప్పడం తేలిక. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకున్నారు, తన వెంట వచ్చిన లక్షల మందికి ఇచ్చారు. రెండు రోజులకు, అక్టోబరు 16న, మీ పక్కనే, అప్పటి చాందాలో మళ్లీ ఇచ్చారు. ఇప్పుడు చంద్రపూర్ దీక్షాభూమి అని ఏటా జనం కూడేది అందుకే. నువ్వు ఆ రోజుల్లో బల్లార్షా స్టేషన్లో తెల్లబట్టల జనాన్ని చూసే ఉంటావు. మీ దోస్తు తాతో నానమ్మో ఆ రోజు అక్కడ ఉన్నారేమో, నువ్వు ఎప్పుడూ అడిగి ఉండవు. వాళ్లు అప్పటిదాకా విన్నదేమిటి? మీరు ఈ కులంలో పుట్టింది పోయిన జన్మ పాపం వల్ల, నోరు మూసుకుని అనుభవించండి, వచ్చే జన్మలో చూద్దాం అని. ఊరి బావి దగ్గర విన్నారు, గుడి బయట విన్నారు. ఆ మాట ఇక వినం అని లేచివచ్చిన ఇల్లు అది. "అనుభవించు" అనే మాట కూడా నువ్వు అచ్చం అలాగే వాడావు.

అంబేడ్కర్ ఆ డిసెంబరు 6న కన్నుమూశారు. 1957లో అచ్చయిన ఆయన "ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ" పుస్తకంలో ఈ విషయం మీద గట్టిగా రాశారు. ఆత్మ లేదన్న బుద్ధుడి బోధలో ఒక జన్మ పాపాన్ని ఇంకో జన్మకు మోసుకొచ్చే సిద్ధాంతం ఇమడదని, పేదవాడి పేదరికానికి వాడి పూర్వకర్మే కారణమనే మాట వల్ల పనికొచ్చేదల్లా ప్రభుత్వమూ సమాజమూ బాధ్యత నుంచి తప్పించుకోవడమేనని ఆయన వాదన. ఆయన చదివిన తీరుతో పండితుల్లో ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, ఆ చర్చ నడుస్తూనే ఉంటుంది. కానీ మహారాష్ట్రలో ఒక బౌద్ధుడి ఇంట్లో కర్మ అంటే చాలావరకు ఇదే అర్థం. "బౌద్ధులు కూడా కర్మను నమ్ముతారు కదా" అన్న నీ ప్రశ్నకు జవాబు: నమ్ముతారు, నువ్వు ఆ రాత్రి వాడిన అర్థంలో కాదు.

జూదం సంగతి కూడా అడగకపోయినా చెబుతా, రెండు ముక్కల్లో. సింగాలుడు అనే గృహస్థుడికి బుద్ధుడు జూదం వల్ల ఆరు నష్టాలు చెప్పాడు. గెలిస్తే పగ పుడుతుంది, ఓడితే పోయినదానికి ఏడుపు, ఉన్న డబ్బు కళ్ల ముందే కరుగుతుంది, నలుగురిలో మాట చెల్లదు, దోస్తులు చులకన చేస్తారు, జూదగాడికి పిల్లనివ్వరు. రూపాయి పాయింటు దీపావళి ఆటను నేను జూదం కింద కట్టి నీకు క్లాసు పీకను. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ అలవాటు ఉంటే మాత్రం, 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దాన్ని నిషేధించింది, దొడ్డిదారి యాప్‌లు వెతక్కు. ఆ ఆరింటిలో మొదటిది చూడు. గెలిచినవాడికి పగ. ఆ రాత్రి గెలిచింది నువ్వో ఇంకొకడో నువ్వు రాయలేదు గానీ, ఆ మాట అన్నప్పుడు నీ గొంతులో గెలిచినవాడి ధీమా ఉండే ఉంటుంది.

ఇక వెళ్లడం. ఫోన్ చేయడం ఆపెయ్యి. వాట్సాప్‌లో బుద్ధుడి బొమ్మతో సారీ అసలే పంపకు. ఇంటికి వెళ్లు. వాడు షిఫ్టు దిగి స్నానం చేసి టీ తాగే వేళ నీకు తెలుసు. ఒక్కడివే వెళ్లు, మిగతా ఇద్దరు దోస్తులను పంచాయితీకి తీసుకుపోకు. బావను అయితే పొరపాటున కూడా వద్దు. ఇన్నేళ్లూ ఆ ఇంట్లోకి వెళ్లగానే జైభీమ్ అనేవాడివైతే అను, అలవాటు లేకపోతే కొత్తగా నాటకం ఆడకు. ముందు వాళ్ల నాన్న మంచం దగ్గరికి వెళ్లి, కాకా అని పిలిచి, రోజూ ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడు. ఆయనకు ఈ గొడవ తెలిసి ఉండకపోవచ్చు. కొడుకు చెప్పి ఉండడు, చెప్పాలంటే ఆ మాట తండ్రి ముందు మళ్లీ పలకాలి కదా. కాబట్టి ఆయన ముందు క్షమాపణ పెట్టకు, ఆయనకు లేని నొప్పి తగిలిస్తావు.

తర్వాత వాడితో బయటికి రా. మీ ఇద్దరి మధ్య చిన్నప్పటి నుంచి నడిచే భాష మరాఠీయే అయితే మరాఠీలోనే చెప్పు. "నేను నవ్వులాటకు అన్నా" అని మొదలుపెట్టకు, "నీకు బాధ కలిగి ఉంటే" అని కూడా అనకు. బాధ కలిగింది, అందులో ఉంటే గింటే లేదు. నేను అన్న మాట తప్పు, కాకా గురించి ఆలోచించకుండా అన్నా, ఇక ఎవరి గురించీ అలా అనను. ఇంతే. ఇంతకన్నా పొడిగించావంటే నీ మనసు తేలిక చేసుకోవడానికి వాడితో ఓదార్పు పిండుకుంటున్నట్టు ఉంటుంది. పైన నేను రాసిన సీవకుడు, ఉప్పు గల్లు ఇవన్నీ అక్కడ ఒప్పజెప్పకు. వాడి ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని వాడికే పాఠం చెప్పినట్టుంటుంది.

వాడు తిట్టొచ్చు. తిట్టనీ. పాతవి కూడా తీయొచ్చు, బడిలో ఎవడో ఏదో అన్నప్పుడు నువ్వు నవ్వావని, మీ ఇంట్లో ఫలానా పండక్కి తనను బయట కూర్చోబెట్టారని. అలాంటిది ఏదైనా తీస్తే "అది వేరే సంగతి" అని కొట్టేయకు. ఆ 240 రూపాయలు కూడా జేబులో పెట్టుకుని వెళ్లి వాడి చేతిలో కుక్కకు. ఆటలో పోయిన డబ్బు తిరిగి ఇస్తే దయ చూపినట్టుంటుంది, అది ఇంకో అవమానం. వాడే అడిగితే ఇవ్వు.

తండ్రిని చంపిన మగధ రాజు అజాతశత్రువు వచ్చి తప్పు చేశానని ఒప్పుకుంటే, తప్పును తప్పుగా చూసి సరిదిద్దుకుని ఇకముందు నిగ్రహించుకోవడమే ఆర్యుల, అంటే ఉత్తముల, పద్ధతిలో ఎదుగుదల అని బుద్ధుడు ఆ ఒప్పుకోలును స్వీకరించాడు. ఇంకోచోట ఇద్దరు మూర్ఖులు అంటూ, తన తప్పును తప్పుగా చూడనివాణ్ణీ, ఎదుటివాడు ఒప్పుకున్నా మన్నించనివాణ్ణీ కలిపి చెప్పాడు. ఇందులో మొదటి సగం నీది. రెండో సగం వాడికి గుర్తు చేసే హక్కు నీకు లేదు, పొరపాటున కూడా నోరు జారకు. వాడికి నెల పట్టొచ్చు, వచ్చే దీపావళికి కూడా డాబా ఎక్కకపోవచ్చు. మధ్యలో కాకాను ఆసుపత్రికి తీసుకెళ్లే రోజు వస్తే, బండి కావాలా అని అడుగు. వద్దంటే వచ్చెయ్యి.

బౌద్ధం నిజంగా ఏం చెబుతుందో తెలుసుకోవాలని నీకు ఉంటే, ఆషాఢ పౌర్ణమి నుంచి మూడు నెలలు, భిక్షువులు ఒకేచోట ఉండే వర్షావాసంలో, మీ దగ్గరి విహారాల్లో సాయంత్రాలు అంబేడ్కర్ పుస్తకం పైకి చదువుతారు. ఎవరైనా కూర్చుని వినొచ్చు. భద్రావతి దగ్గరి విజాసన్ గుహలు కూడా ఒక ఆదివారం చూసి రా, ఈ గాలిలో బుద్ధుడి మాట ఎన్ని వందల ఏళ్ల కిందటిదో తెలుస్తుంది. విహారానికి వెళ్లినప్పుడు మాత్రం వెనక వరసలో కూర్చో, మొదటి వారమే చెయ్యెత్తి బావ ప్రశ్న అడక్కు.